పిడుదు పట్టిన రోజును క్యాలెండర్‌లో రాసుకోండి

ప్రశ్న: మూడు రోజులు అడవి దారుల్లో నడిచి, గుడారాల్లో పడుకుని ఆదివారం రాత్రి ఇల్లు చేరాం. మా ఎనిమిదేళ్ళ బాబుకు తల దువ్వుతుంటే చెవి వెనుక మినపగింజంత బూడిదరంగు బుడిపె తగిలింది. పులిపిరి అనుకున్నాను. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే కాళ్ళు కదులుతున్నాయి! మావారు గోళ్ళతో పట్టి లాగేశారు. ఒళ్ళు ఊడి వచ్చింది కానీ నల్లటి చుక్క ఒకటి చర్మంలోనే ఉండిపోయింది. ముందు కిరోసిన్ రాసి ఉంటే తనంతట తానే ఊడేదని మా అత్తగారు అంటున్నారు. సూదితో ఆ చుక్కను తీయబోతే వాడు ఏడ్చి గోల చేశాడు. ఇది జరిగి ఐదు రోజులైంది. జ్వరం లేదు. అయినా రాత్రి రెండుసార్లు లేచి ఒళ్ళు తడిమి చూస్తున్నాను. రక్తపరీక్ష చేయిద్దామంటే మావారు అతి జాగ్రత్త అని నవ్వుతున్నారు. ముందుగానే యాంటీబయాటిక్ వేయాలా? మాతో వచ్చిన కుక్క వాడి మంచం మీదే పడుకుంటుంది, దాని సంగతేమిటి? ఇక అడవి వైపు వెళ్ళడమే మానుకోవాలా? బాబు మాత్రం, "ఆ తల నాలోనే ఉండి మళ్ళీ పెరుగుతుందా అమ్మా?" అని రోజూ అడుగుతున్నాడు.

సమాధానం: మీ బాబు చెవి వెనుక దొరికింది పిడుదు, పశువులనూ కుక్కలనూ పట్టి రక్తం తాగే పురుగు. ఈ జవాబు మీ చేతికి వచ్చేసరికి మరికొన్ని రోజులు గడిచి ఉంటాయి. ఈలోగా బాబుకు జ్వరం వచ్చి ఉంటే మిగతాది తరువాత చదువుకోవచ్చు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. వెళ్ళి కూర్చోగానే, జ్వరం ఎంత, ఎన్నాళ్ళ నుంచి అనే వివరాలకన్నా ముందు, "ఫలానా రోజున వీడికి పిడుదు పట్టింది" అని చెప్పండి. ఈ ఒక్క మాట మీకు చెప్పడానికే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాననుకున్నా తప్పులేదు.

జ్వరం లేకపోతే నిదానంగా మాట్లాడుకుందాం.

దోమ కుడుతుంది, తేలు కుడుతుంది, కుక్క కరుస్తుంది. పిడుదు మాత్రం పడుతుంది. గోమార అని పిలిచేవాళ్ళు కూడా "గోమార పట్టింది" అనే అంటారు. ఆ క్రియలోనే సగం శాస్త్రం ఉంది. దోమ నిమిషంలో పని ముగించుకుని ఎగిరిపోతుంది. పిడుదు ఒకసారి కుదురుకుందంటే రోజుల తరబడి అక్కడే ఉండి తాగుతుంది. దాని నోటిని మొదటిసారి సూక్ష్మదర్శినిలో చూసిన రోజు నాకింకా గుర్తుంది. చర్మంలోకి దిగే భాగం అచ్చం చిన్న రంపం. పళ్ళన్నీ వెనక్కి వాలి ఉంటాయి, గాలపు కొక్కేనికి ఉండే ముల్లులాగా. దిగడం సులువు, రావడం కష్టం. ఇది చాలదన్నట్టు చాలా జాతులు ఆ నోటి చుట్టూ సిమెంటు లాంటి బంకను పోసుకుంటాయి. ఉడుంపట్టు అంటామే, దాన్ని ఈ చిన్న పురుగుకు ధారాళంగా వాడవచ్చు. లాలాజలంలో నొప్పి తెలియనివ్వనివి, రక్తం గడ్డకట్టనివ్వనివి ఉంటాయి కాబట్టి మీ బాబుకు చీమ కుట్టినట్టయినా అనిపించలేదు.

జబ్బు అంటుకోవడమూ ఆ లాలాజలం ద్వారానే. అయితే అన్ని జబ్బులకూ పట్టే సమయం ఒకటి కాదు. చర్మం మీద ఎరుపుతో మొదలై కీళ్ళదాకా పాకగల లైమ్ జబ్బు ఒకటుంది. దాన్ని కలిగించే బ్యాక్టీరియా పిడుదు పేగులో ఉంటుంది. వెచ్చటి రక్తం లోపలికి రావడం మొదలయ్యాక గాని అది కదిలి లాలాజల గ్రంథుల దాకా రాదు. అందుకు సాధారణంగా ఒక రోజు పైనే పడుతుంది. ఒంటి మీద మచ్చలతో వచ్చే స్పాటెడ్ ఫీవర్ జాతి జ్వరాలకు కొన్ని గంటలు చాలు. కొన్ని వైరస్‌లు లాలాజలంలో సిద్ధంగానే ఉంటాయి కనుక నిమిషాల్లోనే దాటగలవు. కాబట్టి "ఇరవైనాలుగు గంటలు కాలేదు, భయం లేదు" అని ఎవరైనా అంటే అది సగం నిజమే. మీవారు గోళ్ళతో లాగారని బాధపడకండి. పద్ధతి బాగాలేదు గాని, వెంటనే లాగడం బాగుంది. పట్టకారు కోసం ఇల్లంతా వెతుకుతూ దాన్ని రాత్రంతా ఉంచి ఉంటే అది పెద్ద తప్పయ్యేది.

మీ లెక్క ప్రకారం అది మినపగింజంత ఉంది. ఆకలితో ఉన్న పిడుదు పల్చగా, అట్టముక్కలా ఉంటుంది. ఉబ్బి బూడిదరంగుకు తిరిగిందంటే కనీసం ఒక రోజుగా తాగుతూ ఉండవచ్చు. అందుకని ప్రమాదమే లేదని నేను చెప్పను. కానీ అన్ని పిడుదులూ జబ్బు మోయవు, మోసేవి కూడా ప్రతిసారీ అంటించవు. పిడుదు పట్టినవాళ్ళలో ఎక్కువమందికి ఓ వారం దురద తప్ప ఏమీ కాదు.

ఇక ఆ నల్ల చుక్క. దాన్ని వదిలేయండి. సూదితో, బ్లేడుతో తవ్వవద్దు. పురుగు ఒంటి నుంచి తెగిపోయాక ఆ నోటి ముక్క జబ్బును ఎక్కించలేదు. ముల్లు విరిగితే చర్మం దాన్ని ఎలా మెల్లగా బయటికి నెట్టేస్తుందో దీన్నీ అలాగే నెట్టేస్తుంది. తవ్వితే మాత్రం గాయమై, చీము పట్టి, ఆ ఎరుపు దేనివల్ల వచ్చిందో నాలాంటివాళ్ళకు కూడా అర్థం కాకుండా పోతుంది. సబ్బు నీళ్ళతో కడగండి, చాలు.

మళ్ళీ ఎప్పుడైనా పడితే తీసే పద్ధతి ఇది. కనుబొమ్మలు తీర్చుకునే వెడల్పు మొన పట్టకారు కన్నా సన్నటి మొన ఉన్నది మేలు. పిల్లవాణ్ణి వెలుతురులో కూర్చోబెట్టి, వెంట్రుకలు పక్కకు తీసి, పొట్ట దగ్గర కాకుండా పిడుదు నోరు చర్మాన్ని తాకే చోట, చర్మానికి ఆనించి పట్టుకోవాలి. పొట్టను నొక్కితే లోపలున్నది మీ బాబు ఒంట్లోకే వెనక్కి పోవచ్చు. పట్టుకున్నాక తిప్పకుండా, కుదపకుండా నిటారుగా పైకి లాగుతూ ఉండాలి. చర్మం చిన్న గుడారంలా పైకి లేస్తుంది. అక్కడే చాలామంది భయపడి వదిలేస్తారు, లేదా ఒక్క కుదుపుతో తెంపేస్తారు. రెండూ వద్దు. అదే బిగువుతో నాలుగైదు క్షణాలు ఆగితే బంక వదులుతుంది. పట్టకారు లేకపోతే వేళ్ళకు గుడ్డో కాగితమో చుట్టుకుని లాగండి. తరువాత ఆ చోటునూ చేతులనూ సబ్బుతోనో స్పిరిట్‌తోనో శుభ్రం చేసుకోవాలి.

అత్తగారి కిరోసిన్ గురించి మర్యాదగానే చెబుతాను, ఆవిడకు వినిపించండి. కిరోసిన్, నూనె, గోళ్ళ రంగు, ఆర్పిన అగ్గిపుల్ల, అన్నిటి వెనుకా ఉన్న ఆలోచన ఒక్కటే: ఊపిరాడకనో కాలో అది తనంతట తానే వదులుతుందని. పిడుదు గంటకు కొన్నిసార్లు మాత్రమే గాలి పీల్చుకునే జీవి, దానికి ఊపిరాడకపోవడమంటే మనం రాత్రంతా కాచుకుని కూర్చోవాలి. పైగా ఇబ్బంది పెడితే అది లోపలికి మరింత లాలాజలం వదలవచ్చు. అగ్గిపుల్లతో పిడుదు కన్నా పిల్లవాడి చెవే ముందు కాలుతుంది.

తీసిన పిడుదును గోళ్ళ మధ్య చిటుక్కుమని నలపడం చాలామందికి అలవాటు, అందులో ఒక ప్రతీకార తృప్తి ఉంటుంది. వద్దు. రక్తస్రావం కలిగించే క్రిమియన్ కాంగో జ్వరం వంటివి పిడుదు పట్టడం వల్లనే కాక, నలిపినప్పుడు చేతి మీది పగుళ్ళలోంచీ ఎక్కగలవు. స్పిరిట్ ఉన్న చిన్న సీసాలో వేయండి, లేదా పారదర్శకమైన అంటుడు టేపులో రెండు వైపులా బిగించి దాని మీద తేదీ రాయండి. డాక్టర్ అడిగితే చూపించవచ్చు. ఫోనుతో ఫొటో తీసినా చాలు.

యాంటీబయాటిక్ ఇప్పుడు వేయాలా అని అడిగారు. వేయనక్కర్లేదు. లైమ్ జబ్బుకు మాత్రం ముందుజాగ్రత్త మోతాదు ఒకటుంది: డాక్సీసైక్లిన్, ఒకే ఒక్కసారి. అదీ ఆ జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో, దాన్ని మోసే జాతి పిడుదు, ముప్ఫై ఆరు గంటలో అంతకన్నా ఎక్కువో పట్టుకుని ఉందని తేలితే, తీసిన 72 గంటల లోపల, డాక్టర్ నిర్ణయించి ఇచ్చేది. మీరు ఉత్తరం రాసేనాటికే ఆ గడువు దాటింది. స్పాటెడ్ ఫీవర్ వంటి జ్వరాలను ముందస్తు మాత్రతో ఆపాలని చూడటం సిఫారసు చేయరు. ఇక వైరస్ జబ్బులకు యాంటీబయాటిక్ పనిచేయనే చేయదు. 1957లో ఇప్పటి కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు వరుసగా చచ్చిపోతుంటే, ఆ జాడ పట్టుకుని వెళ్ళినవాళ్ళకు పిడుదులు మోసే ఒక వైరస్ దొరికింది. ఆ జ్వరానికి వైరస్‌ను చంపే మందు ఇప్పటికీ లేదు. నీరసించకుండా ద్రవాలు ఎక్కిస్తూ, రక్తస్రావాన్ని కనిపెట్టుకుని ఉంటూ గట్టెక్కించడమే వైద్యం. అడవి దారిలో చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోకుండా వెనుదిరిగి అటవీ సిబ్బందికి చెప్పమనేది అందుకే.

రక్తపరీక్ష విషయంలో మాత్రం మీవారి పక్షమే, అయితే కారణం వేరు. ఈ పరీక్షల్లో చాలావరకు వెతికేది మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి తయారుకావడానికి వారాలు పడుతుంది. ఐదో రోజున చేయిస్తే "లేదు" అని వస్తుంది, మీరు గుండెల మీద చేయి వేసుకుని నిద్రపోతారు, ఆ నిద్రే ప్రమాదం. పదిహేనో రోజున జ్వరం వస్తే "పరీక్షలో ఏమీ లేదన్నారుగా" అని రెండు రోజులు వృథా చేస్తారు. పిడుదునే పరీక్షకు పంపడం కూడా అంతే. దానిలో క్రిమి ఉన్నంత మాత్రాన బాబుకు అంటినట్టు కాదు.

మరి అతి జాగ్రత్త అని నవ్వడం? అందులో ఆయనతో నాకు పేచీ ఉంది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే చిన్న ఊరు ఉంది. పాలీ మరే అనే గృహిణి అక్కడ తన ఇంట్లో అందరికీ వస్తున్న దద్దుర్లు, కీళ్ళవాపులు, జ్వరాల వివరాలను ఏళ్ళ తరబడి రాసిపెట్టుకుంది. వైద్యులు చాలామంది కొట్టిపారేశారు. 1975లో ఆమె, అదే ప్రాంతానికి చెందిన మరో తల్లి, విడివిడిగా ఆరోగ్యశాఖను నిలదీశారు: ఇంత చిన్నచోట ఇంతమంది పిల్లలకు కీళ్ళవాతం ఏమిటని. యేల్ విశ్వవిద్యాలయ వైద్యుడు ఆలెన్ స్టీర్ రంగంలోకి దిగాడు. 1982లో విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం పిడుదుల పేగుల్లో మెలికలు తిరిగిన బ్యాక్టీరియాను చూపించింది. లైమ్ జబ్బు కథ ఒక తల్లి నోటుపుస్తకంలో మొదలైంది. కాబట్టి మీ కంగారును మానుకోమనను, దాన్ని కాగితం మీద పెట్టమంటాను. అర్ధరాత్రి లేచి తడమడం ఆపండి, అది మీ నిద్రనూ వాడి నిద్రనూ పాడుచేస్తుంది తప్ప ఏమీ చెప్పదు. క్యాలెండర్‌లో ఆ ఆదివారం చుట్టూ గుండ్రంగా గీసి, అక్కడి నుంచి ముప్ఫై రోజులు లెక్కపెట్టండి. రోజూ స్నానం చేయించేటప్పుడు ఒక్కసారి ఒళ్ళంతా చూడండి.

ఏం చూడాలి? పట్టిన చోట మొదటి ఒకటి రెండు రోజుల్లో చిన్న నాణెమంత ఎరుపు, దురద వచ్చి కొద్ది రోజుల్లో తగ్గిపోతే అది పిడుదు లాలాజలం ఒంటికి సరిపడకపోవడం వల్లే. పట్టించుకోనక్కర్లేదు. లైమ్ ఎరుపు మూడో రోజు నుంచి ముప్ఫయ్యో రోజు లోపల ఎప్పుడైనా మొదలై, రోజురోజుకూ అంచు విస్తరిస్తుంది, అయిదు సెంటీమీటర్లు దాటుతుంది. దురద గాని నొప్పి గాని సాధారణంగా ఉండదు. మధ్యలో చుక్క, చుట్టూ వలయం ఉంటేనే అదని అనుకోవద్దు, మొత్తం ఒకే ఎరుపుగా కూడా ఉండవచ్చు, చామనఛాయ చర్మం మీద ఊదారంగులో కమిలినట్టు కనిపించవచ్చు. అనుమానం వస్తే అంచు వెంట పెన్నుతో గీత గీసి పక్కన తేదీ వేయండి. మర్నాటికి ఎరుపు గీత దాటిందా లేదా అన్నది ఎంత ఖరీదైన పరీక్షకన్నా సూటిగా చెబుతుంది.

జ్వరంతో పాటు తీవ్రమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు, మణికట్లు, చీలమండల దగ్గర మొదలై అరచేతులకూ అరికాళ్ళకూ పాకే ఎర్రటి మచ్చలు స్పాటెడ్ ఫీవర్‌ను పట్టిస్తాయి. మచ్చల కోసం ఎదురుచూడకూడదు, అవి జ్వరం వచ్చిన కొన్ని రోజులకు గాని రావు, కొందరికి అసలే రావు. ఈ జ్వరాలకు డాక్సీసైక్లిన్ దివ్యంగా పనిచేస్తుంది, మొదటి అయిదు రోజుల లోపల మొదలుపెడితే. ఆలస్యమైతే ప్రాణాల మీదికి వస్తుంది. పరీక్ష ఫలితం రాకముందే డాక్టర్ మందు మొదలుపెడితే ఆశ్చర్యపోకండి, అదే సరైన పద్ధతి. చిన్నపిల్లలకు ఇది పళ్ళను పసుపు చేస్తుందన్న పాత భయం చాలామందిలో ఉంది. ఆ మచ్చ పాత టెట్రాసైక్లిన్‌ది. కొద్ది రోజుల డాక్సీసైక్లిన్‌తో అలా జరగదని తేలింది, ఈ జ్వరాలకు ఏ వయసు పిల్లలకైనా ఇదే మొదటి మందు. జ్వరం ఎందుకో తేలేదాకా పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ఇవ్వవద్దు. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోయే జ్వరాలు వీటిలో ఉన్నాయి, ఆ మందులు రక్తస్రావాన్ని పెంచవచ్చు.

ముఖం ఒకవైపు జారినా, మత్తుగా ఉన్నా, చిగుళ్ళ నుంచి రక్తం కారినా ఆసుపత్రికి అప్పటికప్పుడే వెళ్ళాలి. పిల్లవాడు తూలుతూ నడుస్తూ, కాళ్ళ నుంచి పైకి బలహీనత పాకుతుంటే కూడా అంతే. ఈ చివరిది మీ బాబుకు ఇప్పుడు వర్తించదు, పిడుదు ఇంకా పట్టుకుని ఉన్నప్పుడు వచ్చే పక్షవాతం అది. కానీ తెలిసి ఉండటం మంచిది. జుట్టులో దాక్కున్న ఒక్క పిడుదును వెతికి తీసేస్తే చాలా సందర్భాల్లో ఒక రోజులోనే పిల్లలు లేచి నడుస్తారు. వైద్యంలో ఇంత నాటకీయమైన నయం అరుదు.

ఒక పక్కమాట. స్క్రబ్ టైఫస్ అని తరచుగా వినే జ్వరం పిడుదు వల్ల రాదు, కంటికి ఆనని ఎర్రటి నల్లి (మంచం నల్లి కాదు, మైట్ అనేది) పిల్లల వల్ల వస్తుంది. కానీ అదీ పొదల్లోనే అంటుకుంటుంది, దానికీ డాక్సీసైక్లినే మందు. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఒకటి చంకలోనో గజ్జలోనో ఉంటుంది, నొప్పి ఉండదు కాబట్టి ఎవరూ చూసుకోరు. నా దగ్గరికి వారం రోజుల జ్వరంతో, చేతినిండా రిపోర్టులతో వచ్చిన ఒకాయన చొక్కా విప్పించగానే నాభి కింద ఆ పెచ్చు కనిపించింది. అప్పటిదాకా ఆయన్ను ఎవరూ చొక్కా విప్పమనలేదు, ఆయనా పొదల్లో తిరిగిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

కుక్కను ఈ ముప్ఫై రోజులైనా మంచం దించండి. దాన్ని తిట్టకండి పాపం, ఈ పిడుదు దాని మీద నుంచే వచ్చిందో, గడ్డి మీద నుంచే వచ్చిందో చెప్పలేం. చెవుల లోపల, మెడపట్టీ కింద, కాలివేళ్ళ సందుల్లో, తోక మొదట్లో వెతకండి. పశువైద్యుణ్ణి అడిగి నెలనెలా వేసే మాత్రో, మెడకు కట్టే మందు పట్టీయో మొదలుపెట్టండి. కుక్కల గోధుమరంగు పిడుదు మిగతావాటిలా బయట గడ్డిలోనే ఉండదు, ఇంట్లోనే కాపురం పెట్టగలదు. ఒక్క ఆడది వేల గుడ్లు పెడుతుంది, గోడ పగుళ్ళలో, చాప అంచుల కింద. కాబట్టి కుక్కకు మందు వేసి అది పడుకునే చోటును వదిలేస్తే సగం పనే. ఇంట్లో పిల్లి కూడా ఉంటే ఒక్క హెచ్చరిక: కుక్కల కోసం చేసిన, పెర్మెత్రిన్ అనే పురుగుమందు కలిసిన మందులు పిల్లికి విషం.

అడవి మానుకోవలసిన పనిలేదు. పిడుదు ఎగరదు, దూకదు, చెట్ల మీద నుంచి రాలదు. గడ్డిపోచ కొసనెక్కి ముందుకాళ్ళు రెండూ చాపి నిలబడుతుంది, దారిలో వాహనం కోసం చెయ్యెత్తినవాడిలా. ఆ ముందుకాళ్ళలోనే మన ఊపిరినీ వేడినీ పసిగట్టే అవయవం ఉంటుంది. మన పాదం రాసుకుంటే ఎక్కి, పైకి పాకుతూ పోతుంది. బాబు చెవి దాకా వచ్చింది అలాగే కావచ్చు. అందుకే కాలిబాట మధ్యలో నడవాలి, ప్యాంటు అంచులు మేజోళ్ళలో దోపుకోవాలి. చూడటానికి బాగుండదు, నిజమే. లేతరంగు బట్టలైతే పాకేది కనిపిస్తుంది. బట్టలకూ బూట్లకూ 0.5 శాతం పెర్మెత్రిన్ పట్టించి బాగా ఆరాక వేసుకోవచ్చు, చర్మానికి మాత్రం రాయకూడదు. చర్మానికి, పురుగులను దగ్గరికి రానివ్వని డీట్ లేదా పికారిడిన్ ఉన్న పూత వాడండి. పిల్లల అరచేతులకు రాయకండి, కళ్ళు నులుముకుంటారు.

ఇల్లు చేరిన రెండు గంటల్లోపు స్నానం చేయించి, అప్పుడే వెతకండి: చెవుల వెనుక, జుట్టు మొదళ్ళు, చంకలు, నాభి, నడుము పట్టీ కింద, గజ్జలు, మోకాలి వెనుక. గసగస గింజంత పిల్ల పిడుదులే ఎక్కువ అంటిస్తాయి కాబట్టి కళ్ళతో పాటు వేలికొసలతోనూ వెతకాలి. బట్టలు చన్నీళ్ళలో ఉతికితే అవి చావవు. వేడి గాలితో ఆరబెట్టే యంత్రం ఉంటే ఉతకకముందే, పొడిగా ఉన్నప్పుడే పది నిమిషాలు తిప్పండి. లేకపోతే బాగా వేడి నీళ్ళలో ఉతకండి.

చివరికి బాబు అడిగినదానికి. పెరగదని చెప్పండి. పైగా వాడిలో ఉన్నది తల కానే కాదు. పిడుదుకు మనలా విడిగా తల ఉండదు. ముందుకు పొడుచుకొచ్చినది నోరు మాత్రమే. మెదడు పని చేసే నాడుల ముద్ద ఒంట్లోనే ఉంటుంది, అది నాన్న గోళ్ళతో పాటు ఆ రాత్రే వచ్చేసింది. వాడి చెవి వెనుక మిగిలింది చిన్న రంపం ముక్క. పెచ్చులా ఎండి ఎప్పుడో రాలిపోతుంది. కావాలంటే ఏ రోజు రాలిందో వాణ్ణే ఆ క్యాలెండర్‌లో రాయమనండి.